పెద్దమ్మ గిన్నె, కోసిగి బుడ్డలు

కర్నూలు పాతబస్తీలో మేం ముగ్గురం ఒక మేడ మీద గదిలో ఉండేవాళ్లం. నేను వేంపల్లె నుంచి వచ్చి మందుల ఏజెన్సీలో బిల్లులు కొట్టేవాణ్ణి. రెండోవాడిది కోసిగి, ప్రైవేటు స్కూల్లో లెక్కల సారు. మూడోవాడు బైకుల షోరూంలో సేల్స్‌మన్. టైరు మార్పిద్దామని వచ్చినవాణ్ణి కూడా టీ తాగేలోపు కొత్త బండెక్కించి పంపగల నోరు వాడిది. మమ్మల్నీ అలాగే ఎక్కించాడని తెలియడానికి మాకు ఒక వేసవి మొత్తం పట్టింది.

కింద ఇంటావిడ ఒక్కతే ఉండేది. భర్త పోయిన ముస్లిం ముసలావిడ. మేమిద్దరం పెద్దమ్మా అని పిలిచేవాళ్లం. సేల్స్‌మన్ షోరూంలో నేర్చుకున్న ఉర్దూతో ఖాలా అనేవాడు, ఆ ఒక్క పిలుపుకే ఆమె మురిసిపోయేది. ఆమె దగ్గరున్నది బటన్ల ఫోను. బాడుగ అంటే నోట్లు చేతిలో పడాలి. మాకేమో ఏటీఎం దాకా నడవడానికి బద్ధకం. అందుకని మా వంతులు ఫోన్లో వాడికి పంపేవాళ్లం, వాడు నోట్లు తీసి ఆమెకిచ్చేవాడు. ఇస్తున్నాడనే అనుకున్నాం.

ఆ వేసవిలో పెద్దమ్మకు మా మీద ప్రేమ పొంగిపొర్లింది. ఒకరోజు దాల్చా, ఒకరోజు బగారా అన్నం, ఇంకోరోజు సేమియా పాయసం. అన్నీ ఒకే స్టీలు గిన్నెలో వచ్చేవి, దాని అంచు మీద ఆమె భర్త పేరు కొట్టించి ఉండేది. ఇంత మంచి ఇంటి ఓనరు కర్నూలు మొత్తంలో ఉండదని నేను ఏజెన్సీలో గొప్పలు చెప్పుకున్నాను.

ఒకరింటి గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదని మా అమ్మ నేర్పింది. కోసిగి వాడి అమ్మా అదే నేర్పిందట. అందుకని వాడు ఊరి నుంచి తెచ్చుకున్న మూటలోంచి వేరుశనక్కాయలు నింపి పంపేవాడు. మా వేంపల్లె వైపు శెనక్కాయలంటాం, వాడు బుడ్డలంటాడు. ఆ మాట మీద వాణ్ణి నేను ఏడిపించని రోజు లేదు. వాళ్లమ్మా నాన్నా ఏటా మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు వలసపోతారు. ఉన్న కాస్త చేలో పండిన బుడ్డలే ఆ మూటలో ఉండేవి. వాటిని ఎవరికైనా పెట్టేటప్పుడు వాడి ముఖం చూడాలి, ఎమ్మెల్యే కూడా అంత దర్జాగా ఉండడు.

పెద్దమ్మ మెట్ల దగ్గర కనపడినప్పుడల్లా అడిగేది. "మీ ఊర్లల్లో వాన పడిందా అప్పా?"

"ఇంగా లేదు పెద్దమ్మా" అనేవాళ్లం. పాపం, మన ఊళ్ల గురించి ఎంత ఆలోచిస్తుందో అనుకునేవాళ్లం.

వేసవి చివర్లో సేల్స్‌మన్‌కు హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. బస్టాండు దాకా పోయి సాగనంపాం. అరటిపండ్లు, బిస్కట్లు కొనిచ్చాను. బస్సు కదిలినప్పుడు నాకు కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. ఆ నీళ్లు తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ తర్వాతి వారమే వాన దంచి కొట్టింది. పొద్దున పెద్దమ్మ అడగకముందే కోసిగి వాడు సంబరంగా చెప్పాడు. "మా ఊర్లో శానా బాగా పడింది పెద్దమ్మా, విత్తనం ఏస్తాండారు!"

ఆమె రెండు చేతులూ పైకెత్తి దువా చేసుకుంది. తర్వాత మెల్లగా అంది. "ఇంగ బాడుగ సంగతి చూడండప్పా. ఒక్కసారే వద్దులే, కొంచెం కొంచెం ఇయ్యండి."

"నెల నెలా ఇస్తానే ఉండాము కదా?" అన్నాను.

"యాడిచ్చినారు? బుడ్డలిచ్చినారు."

అప్పుడు ఒక్కొక్కటే బయటపడింది. మా ఊళ్లలో వానల్లేక పంటలు పోయాయనీ, జీతాలు ఇళ్లకే పంపుతున్నామనీ, వాన పడ్డాక ఇస్తామనీ సేల్స్‌మన్ ఆమెకు చెప్పాడు. అడిగితే సిగ్గుతో చచ్చిపోతారు, అడగొద్దు ఖాలా అని కూడా చెప్పాడట. తన వంతు మాత్రం ఠంచనుగా కట్టాడు, మా డబ్బుతోనే. పెద్దమ్మ అది నమ్మి మాకు ఆకలవుతుందని దాల్చా పంపింది. దుడ్లు లేక బుడ్డలిస్తున్నారు, వద్దంటే చిన్నబోతారు అనుకుని తీసుకుంది.

నేను ఫోను తీసి డబ్బు పంపినవన్నీ చూపించాను. ఆమె దానివైపు చూడనే లేదు. "మీరిచ్చినారు. నాకు అందలే. రెండూ నిజమే. వచ్చే నెల నుంచి నా చేతికియ్యండి" అని లోపలికి పోయింది.

వాడికి ఫోన్ చేస్తే స్విచాఫ్. కోపం పట్టలేక వాడు వదిలేసిన దువ్వెన మేడ మీది నుంచి విసిరాను. అది పెద్దమ్మ పుదీనా కుండీలో పడింది. మళ్లీ కిందికి దిగి నేనే తీసుకోవాల్సి వచ్చింది.

తర్వాతి నెల కోసిగి వాడు పాత బాకీలో కొంత కలిపి బాడుగ ఇవ్వబోతే, ఆ కలిపింది పెద్దమ్మ తీసుకోలేదు. ఆ రోజు నుంచి ఆమె గిన్నె పంపితే "ఆకలి లేదు పెద్దమ్మా" అని తిరగ్గొట్టడం మొదలుపెట్టాడు. నేను సిగ్గు లేకుండా తినేవాణ్ణి. వాణ్ణీ తినడానికి రమ్మంటే నా మీద కస్సుమన్నాడు. "అది జాలిపడి పెట్టిన కూడు. నాకు గొంతు దిగదు. మా అమ్మ మిరపకాయలు కోసి చదివించింది నన్ను. మేము ఎవురి బాకీ ఉంచుకున్యోళ్లము కాదు."

గది ఖాళీ చేసి పోదామని కూడా అన్నాడు. నాకు దిగులేసింది. గది ఇంకోటి దొరుకుతుంది, పెద్దమ్మ దొరకదు.

ఒక ఆదివారం పొద్దున మెట్ల మీద అడుగుల చప్పుడు. మోకాళ్ల నొప్పులతో ఎప్పుడూ పైకి రాని పెద్దమ్మ రొప్పుతూ వచ్చి గుమ్మంలో నిలబడింది. చేతిలో ఆ గిన్నె. తొంగి చూస్తే ఖాళీగా ఉంది. ఖాళీ గిన్నె పట్టుకుని ఆమె ఎవరి గుమ్మం తొక్కి ఉండదు.

నావైపు చూడకుండా వాడికే చాపింది. "బుడ్డలు అయిపోయినాయి బేటా. అంగట్లోవి రుచి లేవు. ఉంటే కొన్ని పెడతావా?"

వాడు ఒక క్షణం ఆ గిన్నెనే చూశాడు. తర్వాత మూట విప్పి దోసిళ్లతో పోశాడు. గిన్నె నిండి, గోపురంగా పేరి, కింద దొర్లుతున్నా పోస్తూనే ఉన్నాడు.

"చాలప్పా, చాలు!" అని ఆమె చెయ్యి పట్టుకుంది. "నేనడిగింది బాడుగ కాదు. చట్నీకి."

వాడు నవ్వబోయి ఏడ్చేశాడు.

సాయంత్రం అదే గిన్నెలో చట్నీ, దాని కింద పళ్లెంలో రొట్టెలు వచ్చాయి. నేను చేతులు కడుక్కుని వచ్చేసరికి వాడు రెండో రొట్టె మీదున్నాడు.