దండం పెడితే పోయిన ఆట

నాకు నల్లబట్టలు కట్టించి, హద్దు లేని నా నోటికి తాళం వేసి, అదే నోటితో శరణుఘోష పలికించిన ఆ హరిహరసుతునికి ముందుగా సాష్టాంగ నమస్కారం. ఆయన దయ లేకపోతే ఈ నాలుగు ముక్కలు నవ్వుతూ రాసేవాడిని కాదు.

ఆ రోజుల్లో మా కామారెడ్డి బడిలో బేస్‌బాల్ అంటే ఏమిటో ఆడే మాకే సగం తెలుసు. చూసేవాళ్లకైతే అది దుడ్డుకర్రతో ఆడే క్రికెట్. నేను క్యాచర్‌ని, అంటే బ్యాట్ పట్టినవాడి వెనకాల గొంతుకూర్చుని, వాడు కొట్టలేని బంతిని పట్టేవాడిని. (నా చేతులకంటే నా నోరే జట్టుకు ఎక్కువ పనికొస్తుందని మా పీఈటీ సారు నమ్మకం.) బంతి వచ్చేలోపు వాడి చెవిలో ఏదో ఒకటి అని, ఒళ్లు మండించి, బ్యాట్ బంతికి కాక గాలికి విసిరేలా చేయడమే నా అసలు పని. అందుకే జట్టులో నన్ను రేడియో అనేవాళ్లు.

ఆ ఏడు చలికాలం మొదటిసారి అయ్యప్ప మాల వేసుకున్నాను. కాళ్లకు చెప్పుల్లేవు. ఎదురుపడిన ప్రతివాణ్ణీ 'స్వామీ' అనాలి, 'మీరు' అని గౌరవించాలి. తోలు గ్లవ్ తొడుక్కోవచ్చా అని గురుస్వామిని అడిగితే, "చేతికే కద స్వామీ, కాలుకు కాదు. ఆడుకోన్రి. గని నోట్లకెళ్లి ఒక్క చెడ్డమాట వచ్చిందో, దీక్ష వట్టిదైతది" అన్నారు. సరిగ్గా అప్పుడే ఎల్లారెడ్డి జట్టుతో వాళ్ల ఊళ్లోనే ఫైనల్. గెలిచినవాళ్లు రాష్ట్ర పోటీలకు రైలెక్కుతారు. నేను అప్పటికి రైలు లోపల అడుగుపెట్టలేదు. అయినా కిటికీ పక్క సీటు నాదేనని జట్టంతటికీ చెప్పి ఉంచాను.

"రేడియో స్వామీ, ఇయ్యాల నోరు బందేనా?" అని సారు దిగులుగా అడిగారు. "లేదు స్వామీ, భక్తితోని నడిపిస్త" అన్నాను. నడిపించాను కూడా. "స్వామీ, బంతి ముంగటకెళ్లి వస్తది, మీరు ఆకాశం జూస్తున్నరు." "మంచిగ గాలి వస్తున్నది స్వామీ, బ్యాట్ ఇంకోసారి విసురున్రి." ఒక్క చెడ్డమాట లేదు, అయినా ఎల్లారెడ్డి పిల్లలు వరుసగా అవుటై పళ్లు కొరుకుతూ పోయారు. అప్పుడొచ్చాడు వాళ్లలో సన్నగా, పొడుగ్గా, నల్లగా ఉన్నవాడు. చూడగానే మనసులో అగరబత్తి అని పేరు పెట్టుకున్నాను. అయితే వాడి మెడలోనూ మాల! "స్వామి శరణం. గాలికి ఇరిగిపోతరేమో, మెల్లగ నిలవడున్రి స్వామీ" అన్నాను. వాడు వెనక్కి తిరిగి, నేను కూర్చున్న తీరు చూసి, ఎంతో వినయంగా, "పొద్దుగాల పొలంల కూసున్నట్లు కూసున్నరు. చెంబు మర్చిపోయిన్రా స్వామీ?" అన్నాడు. మా జట్టువాళ్లు కూడా నవ్వారు. నవ్వు ఆపుకోలేక నేను బంతి వదిలేశాను. అంపైర్ విసుక్కుని, "ఇది ఆటనా, భజననా?" అన్నాడు.

చివరికి రెండు జట్ల పరుగులూ సమానమయ్యాయి. అగరబత్తి మూడో బేస్ మీద, అంటే పరుగు పూర్తవడానికి ఒక్క మజిలీ దూరంలో ఉన్నాడు. నా ముందు నేలలో ఉన్న తెల్లటి పలక, అదే హోమ్ ప్లేట్, ముట్టుకుంటే ఎల్లారెడ్డి గెలిచినట్టే. ముట్టుకోకముందే నేను బంతితో వాణ్ణి తాకితే వాడు అవుట్. వాళ్లవాడెవడో బంతిని దూరంగా కొట్టాడు, వీడు పరుగెత్తాడు. దుమ్ములో కాళ్లు చాపి జారుతూ వచ్చి, ప్లేట్‌కు అడ్డంగా నిలబడ్డ నా కాలిని తన్ని, పక్కకు దొర్లిపోయాడు. ప్లేట్ ముట్టుకోలేదు! అదే క్షణంలో బంతి నా గ్లవ్‌లో పడింది. "తాకియ్! తాకియ్!" అని మావాళ్లు అరుస్తున్నారు. ఆ అగరబత్తి మాత్రం పారిపోకుండా లేచి, "అయ్యో, కాలు తగిలింది, తప్పయింది స్వామీ" అంటూ నా కాళ్ల దగ్గర వంగాడు. ఒక స్వామి పాదాలు ముడితే ఇంకో స్వామి ఊరుకోకూడదు, తిరిగి దండం పెట్టాలి. అదీ తోలు గ్లవ్‌తోనా? బంతి కింద పెట్టాను. గ్లవ్ తీశాను. రెండు చేతులూ జోడించి వంగాను. ఇద్దరి తలలూ ఠంగుమన్నాయి.

అంపైర్ చేతులు బార్లా చాపి "సేఫ్!" అన్నాడు, అంటే ఎల్లారెడ్డి గెలిచినట్టే. చూస్తే నా పాదాలు ప్లేట్ అంచున ఉన్నాయి, వాటిని ముట్టిన అగరబత్తి అరచేతులు ప్లేట్ మీదున్నాయి. మా సారు చెయ్యెత్తి పరుగెత్తుకొచ్చారు. నా మెడలో మాల కనిపించేసరికి, ఎత్తిన చేతికి రెండో చెయ్యి జోడించి, "బంతి కింద పెడ్తరా... స్వామీ!" అని ఏడుపు గొంతుతో దండం పెట్టారు.

మొన్న ఎల్లారెడ్డి బస్టాండులో అగరబత్తి కనిపించాడు. (ఇప్పుడు పొట్టొచ్చింది, ఆ పేరు నప్పదు.) ఇద్దరి మెడల్లోనూ మాలే. "నిజం చెప్పున్రి స్వామీ, ఆనాడు మీరు దండం పెట్టింది నాకా, ప్లేటుకా?" అని అడిగాను. గడ్డం గోక్కుంటూ, "వంగినప్పుడు మీకే స్వామీ. వంగినంక ప్లేటు కనవడ్డది. ఇగ చేతులు జల్ది లేవలే" అన్నాడు. మళ్లీ తనే, "రైల్ల కిటికీ పక్కన నేనే కూసున్న. దారంతా కంట్ల నలక. మీ నజరే తగిలింది స్వామీ" అన్నాడు. బస్టాండంతా తిరిగి చూసేలా నవ్వుకున్నాం.

ఈసారి శబరిమలకు ఇద్దరం ఒకే రైల్లో పోతున్నాం. కిటికీ పక్క సీటు నాదేనని ముందే మాట తీసుకున్నాను. ఆ దుమ్ములో బంతి కింద పెట్టి నిలబడ్డ రేడియోని తలుచుకుంటే ఇప్పటికీ ముద్దొస్తుంది. నోరు ఆగని ప్రతి పిల్లవాడికీ అలా వంగి దండం పెట్టించే ఎదుటి జట్టువాడు ఒక్కడైనా దొరకాలని మా రైలు కదిలేటప్పుడు స్వామిని వేడుకుంటాను. మీరూ ఎక్కడున్నవాళ్లు అక్కడే, చేతిలో ఉన్నది కాసేపు కింద పెట్టి, నాతో కలిసి ఒక్కసారి అనండి: స్వామియే శరణమయ్యప్ప.