తోడల్లుడి చేతిలో నా కారు

ఆ రోజుల్లో, అంటే అత్తగారి ఊళ్ళో నన్నింకా ‘కొత్తల్లుడు’ అని పిలుస్తున్న రోజుల్లో, నాకు లోకంలో ఎవరిమీదా కుళ్ళు ఉండేది కాదు. విజయవాడ వన్ టౌన్‌లో మా నాన్నగారి స్టేషనరీ హోల్‌సేల్ కొట్టు చూసుకునేవాణ్ణి. పక్క కొట్టుకి మాకంటే బేరాలు ఎక్కువైనా పట్టించుకునేవాణ్ణి కాదు. కాలేజీలో నా వెనక బెంచీ మీద నిద్రపోయినవాడు పెద్ద ఆఫీసరయ్యాడని తెలిసినప్పుడు మనస్ఫూర్తిగా సంతోషించాను (మర్నాటికి). నా దగ్గరున్న అసూయనంతా చిల్లరగా ఖర్చు చేయకుండా ఒకే ఒక్క మనిషి కోసం దాచిపెట్టుకున్నాను. ఆయన మా తోడల్లుడు, మా ఆవిడ అక్కగారి భర్త.

ఆయనది కంకిపాడు. పొలం, ఎరువుల కొట్టు, దానికి తోడు ఓ తెల్లటి కొత్త కారు. నెమ్మదిగా మాట్లాడేవాడు, ఎవర్నీ పల్లెత్తు మాట అనేవాడు కాదు. నాకు అదే మరీ కష్టంగా ఉండేది. మనిషి చెడ్డవాడైతే కుళ్ళుకోవడంలో కాస్త న్యాయమైనా ఉంటుంది కదా! ఉయ్యూరులో మా మామగారి ఇంటిముందు ఆయన కారు ఆగిందంటే చాలు, మామగారు చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళి గేటు రెండు రెక్కలూ తీసేవారు. నేను మా ఆవిడతో మోటారు సైకిలు దిగితే మాత్రం, “వచ్చారా బాబూ, అదలా గోడ పక్కకి పెట్టండి, పెద్దల్లుడుగారి కారు తిరగాలి” అనేవారు. భోజనాల దగ్గర చేపల పులుసులో నడుం ముక్కలు ఆయన కంచంలోకీ తోక ముక్కలు నా కంచంలోకీ వచ్చేవి. (ఇది నా భ్రమ అని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. ఆ తోకలు తిన్నది తను కాదు.)

అందుకని ఓ జర్మనీ కారు కొన్నాను. సెకండ్ హ్యాండే, కానీ చూసినవాళ్ళకి ఆ సంగతి తెలియదు. నల్లగా, పొడుగ్గా, లోపల తోలు సీట్లతో ఉండేది. తలుపేస్తే బ్యాంకు లాకరు మూసినట్టు గంభీరమైన చప్పుడు. తాళాలు చేతిలో పెడుతూ దాని యజమాని కళ్ళు తుడుచుకున్నాడు. పాపం, కారు మీద ఎంత మమకారమో అనుకున్నాను. అవి ఆనందబాష్పాలని తర్వాత తెలిసింది. మా కొట్టున్న సందులోకి కారు దూరేది కాదు. తోపుడు బళ్ళవాళ్ళు తిట్టే తిట్లు పడలేక ఎక్కడో మెయిన్ రోడ్డు మీద ఆపి, ఎండలో నడుచుకుంటూ కొట్టుకి వచ్చేవాణ్ణి. మోటారు సైకిలు మీద వచ్చిన రోజుల్లో ఇంత నడిచి ఎరగను.

మొదటి ఆదివారమే ఉయ్యూరు తీసుకెళ్ళాను. మామగారు గేటు రెండు రెక్కలూ తీశారు. తోడల్లుడు కారు చుట్టూ నిదానంగా తిరిగి, బానెట్ మీద చెయ్యి వేసి, “భలే తీశారండీ తమ్ముడుగారూ” అన్నాడు. మా వదినగారు ఆయన వంక చూసి, “చూశారా, మరిదిగారికి ఎంత టేస్టుందో!” అంది. ఆ పూట నా కంచంలో ఏ ముక్క పడిందో వేరే చెప్పనక్కర్లేదు. జీవితంలో అంత రుచైన పులుసు నేను తినలేదు.

ఆ వైభవం ఒక్క ఆదివారమే. తర్వాతిసారి పెనమలూరు దాటగానే డాష్‌బోర్డు మీద ఎర్ర దీపాలన్నీ ఒక్కసారిగా వెలిగి, కారు నిట్టూర్చినట్టు ఆగిపోయింది. మా ఆవిడ నన్నడగకుండానే అక్కకి ఫోన్ చేసింది. కాసేపటికి తోడల్లుడు తాడు పట్టుకుని వచ్చాడు. “మీరు స్టీరింగు పట్టుకు కూర్చోండి చాలు, నే లాగుతా” అన్నాడు. అలా కంకిపాడు సెంటరు మీదుగా ఊరేగాను. దారిపొడుగునా జనం ముందు కారులో ఉన్నాయనకి నమస్కారాలు పెట్టి, వెనక కారులో ఉన్న నన్ను జాలిగా చూశారు. ఆయన ఒక్కసారి కూడా నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

ఆటోనగర్‌లో ఓ మెకానిక్ ఉండేవాడు. నాడి చూసినట్టు ఇంజను మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకుంటాడని అందరూ ఆయన్ని ‘డాక్టరుగారు’ అనేవారు. “ఈ ఒక్కటీ మార్చేస్తే ఇంక చూస్కోనక్కర్లేదండీ” అనేవాడు ప్రతిసారీ. నేనూ ప్రతిసారీ నమ్మేవాణ్ణి. గేర్‌బాక్సు అయ్యాక ఏసీ, ఏసీ అయ్యాక సస్పెన్షను, ఆ తర్వాత పేరు కూడా నోరు తిరగని ఏదో సెన్సరు. కారు ఆటోనగర్‌లో, నేను ఆటోలో. మా ఆవిడకి అప్పుడు నెల తప్పింది. “ఏమండీ, అమ్మేద్దామండీ. రేపు పిల్లో పిల్లాడో పుడితే వాళ్ళకీ కాస్త మిగలాలా వద్దా?” అంది. “ఇంత పెట్టాక ఇప్పుడు అమ్మితే ఎలాగే?” అనేవాణ్ణి నేను. అది లెక్కలు తెలిసినవాడి మాటలా వినిపించేది కానీ, అసలు భయం వేరు. మళ్ళీ మోటారు సైకిలు మీద దిగితే మామగారు నన్ను గోడ పక్కకి పంపిస్తారు.

చివరికి ఓ రోజు బందరు రోడ్డు మధ్యలో, వెనక బస్సువాడు హారన్ మీద చెయ్యి తీయకుండా మోగిస్తుంటే, ఏడో నెల కడుపుతో మా ఆవిడ దిగి కారు నెట్టడానికి వచ్చింది. ఇంక చాలనుకున్నాను. ఆ ఆదివారం ఉయ్యూరులో భోజనాలయ్యాక, కారు అమ్మేస్తున్నానని అందరిముందూ చెప్పేశాను.

తోడల్లుడు చెయ్యి కడుక్కుంటున్నవాడల్లా ఆగి, “అమ్మేటట్టయితే నాకే ఇవ్వండి తమ్ముడుగారూ” అన్నాడు.

నేను అదిరిపోయాను. ఆయన దగ్గరా ఆగిపోతే ఫర్వాలేదు, హాయిగా తాడు పట్టుకుని వెళ్ళొచ్చు. కానీ ఆగకపోతే? ఆ ఆలోచనకే నాకు చెమట్లు పట్టాయి. అయినా దగ్గరివాళ్ళని ముంచకూడదని ఆయన్ని పక్కకి తీసుకెళ్ళి, దాని రోగాలన్నీ ఒక్కటీ దాచకుండా చెప్పాను. “ఇది రోగిష్టిది అన్నయ్యగారూ, మీకొద్దు” అని బతిమాలినంత పని చేశాను.

“ఫర్లేదులెండి,” అన్నాడాయన నేల చూపులు చూస్తూ. “మీరు మొదటిసారి తెచ్చిన్రోజు నాకు రాత్రంతా నిద్ర పట్టలా. మీ వదిన ఇంకా అంటానే ఉంటది, మరిదిగారి టేస్టు, మరిదిగారి టేస్టు అని.”

నా చెవులు చల్లబడ్డాయి. నాకు తెలియకుండా అన్నాళ్ళు ఆయన కూడా నన్ను చూసి కుళ్ళుకున్నాడా! ఆ ఒక్క మాట విన్న ఆనందంలో బేరం కూడా ఆడకుండా తాళాలు ఇచ్చేశాను.

ఇక అప్పట్నించీ ఆ కారు ఆగలేదు. మచ్చుకి ఒక్కసారి కూడా ఆగలేదు. పిల్లల్తో తిరుపతి వెళ్ళొచ్చాడు. శ్రీశైలం ఘాట్ రోడ్డు ఎక్కించాడు. డిక్కీలో విత్తనాల బస్తాలేసుకుని చేలగట్ల వెంట తిరిగాడు. నేను ఫోన్ చేసి గొంతులో ఆత్రం దాచుకుంటూ “బండి ఎలా ఉందండీ?” అంటే, “బంగారమండీ!” అనేవాడు. ఉండబట్టలేక ఆటోనగర్ వెళ్ళి డాక్టరుగారిని నిలదీశాను. ఆయన ఆశ్చర్యపోయి, “మార్చాల్సినయ్యన్నీ మీ హయాంలోనే మార్చేశాం గదండీ. ఇంక పాడవడానికి ఏం మిగిలిందండీ?” అన్నాడు. ఆ సాయంత్రం కొండెక్కి అమ్మవారి ముందు నిలబడ్డాను. పెద్ద కోరిక కోరలేదు. ఒక్క పంక్చరు.

పురిటికి మా ఆవిడ ఉయ్యూరు వెళ్ళింది. ఓ ఆదివారం మధ్యాహ్నం అందరం అక్కడుండగా, అనుకున్న రోజు ఇంకా రాకుండానే నొప్పులు మొదలయ్యాయి. చూపించుకుంటున్న ఆస్పత్రి విజయవాడలో. తోడల్లుడు అప్పటికే ఆ నల్ల కారు వీధిలోకి తెచ్చి, “ఎక్కండెక్కండి” అంటున్నాడు. మా ఆవిడ, అత్తగారు, వదినగారు వెనక కూర్చున్నారు. నేను ముందు సీట్లో కూర్చుని, రోడ్డు వదిలేసి డాష్‌బోర్డునే చూస్తున్నాను. అమ్మవారిని అడిగిందంతా వెనక్కి తీసుకున్నాను, పంక్చరుతో సహా. పెనమలూరు దగ్గరపడేసరికి ఎర్ర దీపాలుండే చోటికి అరచెయ్యి అడ్డం పెట్టాను.

వెనకనించి మా ఆవిడ మూలుగుతూ, “ఏమండీ, ఆగిపోదు కదా?” అంది.

నేను నోరు తెరిచేలోపే తోడల్లుడు, “ఆగదమ్మా, నా దగ్గర ఇదెప్పుడూ ఆగలా” అన్నాడు.

ఆ మాటకి నా ప్రాణం కుదుటపడింది. అంత కంగారులోనూ ‘నా దగ్గర’ అన్న చోట కడుపులో చిన్నగా మండింది కూడా. కారు మాత్రం పడవలా సాగిపోయింది. చీకటి పడేలోగా అమ్మాయి పుట్టింది. వరండాలో తోడల్లుడు నా పక్కన కూర్చుని, తాళాలు నా చేతిలో పెట్టబోయాడు. “పసిపిల్లతో మోటార్ సైకిల్ మీద ఏం తిరుగుతారు? కారు తీసేసుకోండి తమ్ముడుగారూ” అన్నాడు. ఆయన గుప్పిటి మళ్ళీ మూసేశాను. “వద్దన్నయ్యగారూ. నేనెక్కితే అది గుర్తుపట్టేస్తుంది” అన్నాను. ఆయన పగలబడి నవ్వాడు. ఆయన అలా నవ్వడం నేను చూడటం అదే మొదలు. నేనూ నవ్వాను.

మొన్నీమధ్య ఆ కారుని ఆయన అమ్మేశాడు. రంగు వెలిసింది, సీట్లు చిరిగాయి, ఇంజను మాత్రం అలాగే ఉంది. కొన్నవాడు కొత్తగా పెళ్ళయిన కుర్రాడు. భార్యని వెంటబెట్టుకుని వచ్చాడు. సాగనంపడానికి నేనూ కంకిపాడు వెళ్ళాను. ఆ అమ్మాయి తోలు సీటుని వేళ్ళతో తడిమి మొగుడి వంక చూసింది. వాడి గుండె రెండంగుళాలు పొంగడం వాకిట్లో ఉన్న మాకు కూడా కనిపించింది. ముందు ఎవరూ లేకపోయినా గట్టిగా ఓసారి హారన్ కొట్టి, బందరు రోడ్డెక్కాడు.

“మంచి కుర్రాడు,” అన్నాడు తోడల్లుడు.

కారు మలుపు తిరిగేదాకా వాణ్ణే చూస్తూ నిలబడ్డాను. ఎన్నాళ్ళ తర్వాతో మళ్ళీ ఒకరి మీద అసూయ పుట్టింది, కడుపునిండా, హాయిగా.