నీడ పడని పిల్ల

తమిళనాడులోని రాజపాళయంలో బ్యాండేజి గుడ్డ నేసే మిల్లులో జక్కమ్మ చేసిన పని తప్పులు పట్టడం. అడుగున లైటు వెలిగే బల్ల మీద గుడ్డ జరుగుతుంటే తెగిన పోగు, నూనె మరక కనిపెట్టి గుర్తు పెట్టేది. పని మానేసి ఏళ్లయింది కానీ ఆ చూపు మానలేదు. పాలవాడు నవ్వితే నీళ్లు కలిపాడంటుంది. కోడలు మారిసెల్వి మాట్లాడకుండా ఉంటే మనసులో ఏదో పెట్టుకుందంటుంది. అనుమానం పెనుభూతమని ఊరికే అన్నారా! ఆ ఇంట్లో అందరికంటే ముందు లేచేది అదే.

దాని కన్ను ఎక్కువగా పడింది పక్కింటి సుగన్య మీద. ఇద్దరిళ్లకీ ఒకటే వాకిలి. సుగన్యకు రెండుసార్లు కడుపు పోయింది. అలాంటి మనిషి నీడ పసిబిడ్డ మీద పడితే బిడ్డ కృశించిపోతుందని ఆ వీధిలో పాత నమ్మకం. అందుకే మనవరాలు అమ్మణి పుట్టిన నాటినుంచీ జక్కమ్మ తలుపు తెరవనివ్వలేదు, కిటికీకి గోనె కట్టింది. మారిసెల్వి పొద్దున్నే స్పిన్నింగ్ మిల్లుకు పోతే తిరిగొచ్చేది చీకటి పడ్డాకే. పగలంతా పిల్ల జక్కమ్మ చేతిలోనే. పాలు పోస్తే రొంప పడుతుందని గంజి పోసేది, ఏడిస్తే బిస్కెట్టు పెట్టేది. కాసేపు వాకిట్లో ఆడించమని కోడలు అడిగితే, బిడ్డను చంపుకుంటావా అని కసిరేది. తాను ఎప్పుడైనా బయటికి రావలసి వస్తే ముందు గట్టిగా దగ్గేది. ఆ దగ్గు విని సుగన్య లోపలికి పోవాలి. పాపం, పోయేది కూడా.

ఇంత కాపలా కాసినా ఏడాదిన్నర దాటిన పిల్ల నిలబడలేదు. పట్టుకుని నిలబెడితే కాళ్లు విల్లులా వంగిపోయేవి. మణికట్లు ఉబ్బాయి. మనం చూడనప్పుడు ఆ సుగన్య తొంగి చూసుంటుందని జక్కమ్మ పళ్లు కొరికింది. పక్క ఊరు సేత్తూరునుంచి తాయెత్తు తెచ్చి కట్టింది. పిల్ల ఇక నడవదేమోనని రాత్రుళ్లు లేచి కాళ్లు తడిమి చూసేది.

ఇక ఆగలేక మారిసెల్వి లీవు పెట్టి పిల్లను డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. కోడలు ఏం చెబుతుందోనని జక్కమ్మ వెంట బయలుదేరింది. డాక్టరు నివేదిత ఊళ్లో స్థిరపడ్డ తెలుగు రాజుల ఇంటి పిల్ల, తెలుగులోనే మాట్లాడింది. కాళ్లకు జబ్బయితే చేతికి ఎక్స్‌రే తీయించిందెందుకని జక్కమ్మకు అదొక అనుమానం. పిల్లను ఎండలోకి ఎప్పుడు తీసుకుపోతారని డాక్టరు అడిగిందో లేదో, గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు ముందుకొచ్చింది.

"నేనేం తప్పు చేయలేదు డాక్టరమ్మా. ఒక మనిషి నీడ కూడా పడకుండా పెంచినాను."

డాక్టరు ఎక్స్‌రేలో మణికట్టు చూపించింది. "అదే అవ్వా వచ్చిన చిక్కు. ఒంటికి ఎండ తగిలితేనే విటమిన్ డి ఊరేది. అది లేక ఎముకలు మెత్తబడినాయి. మందు రాసిస్తాను. పాలు, గుడ్డు పెట్టండి. దినమూ వాకిట్లో ఆడించండి. కాళ్లు సరి అవుతాయి."

కోడలే ముందుగా డాక్టరు చెవిలో ఊది ఉంటుందని షేర్ ఆటోలో జక్కమ్మ ఓరగా చూసింది. మారిసెల్వి పిల్ల కాళ్లు నిమురుతూ బయటికి చూస్తూ కూర్చుంది. తిట్టినా బాగుండేదనిపించింది జక్కమ్మకు. నా చేతులతోనే చేశానా అని తన మీదే అనుమానం వచ్చింది.

మర్నాడు ఎండ వాకిట్లోకి రాగానే పిల్లను చంకనెత్తుకుని తలుపు తీసింది. అమ్మణి కళ్లు చికిలించి, తుమ్మి, నవ్వింది. తీగ మీద బట్టలు ఆరేస్తున్న సుగన్య తలుపు చప్పుడు వినగానే తడి చీర బకెట్లో పడేసి లోపలికి పోయి గడియ పెట్టుకుంది. ఈసారి జక్కమ్మ దగ్గనేలేదు.

జక్కమ్మ ఆ గుమ్మం ముందుకు పోయి నిలబడింది. తలుపు తట్టింది.

"సుగన్యా, తలుపు తీయమ్మా. ఎండ లేక వచ్చిన జబ్బంట. నీ తప్పేమీ లేదు."

లోపలినుంచి జవాబొచ్చింది.

"సరి పెద్దమ్మా. పిల్ల నడిచినాక తీస్తాను. అంతకుముందు దానికేమన్నా అయితే, మళ్లీ నా నీడే అంటారు."