అభ్యంతరం చెప్పని పేరు

ఇంటర్నెట్‌లో పేర్లు, చిరునామాల వ్యవస్థ మీద పర్యవేక్షణ చాలాకాలం అమెరికా ప్రభుత్వం చేతిలో ఉండేది. దాన్ని ఏ ప్రభుత్వానికీ కాకుండా ప్రపంచంలో ఇంటర్నెట్ వాడేవాళ్లందరికీ అప్పగించాలనుకున్నారు. ఎలా అప్పగించాలో తేల్చే ఆన్‌లైన్ మీటింగుల్లో ఎవరైనా చేరవచ్చన్నారు. నేను హిందీవాళ్ల ఊరు దుర్గ్‌లో ఒక కాలేజీలో కంప్యూటర్లు చెబుతాను. ఆ పక్కనే కోహ్కాలో మా వంటింటి పక్క గదిలో కూర్చుని నేనూ చేరాను.

అక్కడ ఎవరి ముఖమూ కనబడదు. తెర మీద ఓ పక్కన పేర్ల వరుస, చెవిలో గొంతులు. ఒక సాయంత్రం ఆ ఇంగ్లీషు మధ్యలో ఎవరో మైకు ఆపడం మరిచిపోయి, "ఒసే, కుక్కర్ దించీ! ఏటీ వినబడ్డం లేదు" అన్నారు. నవ్వాగలేదు నాకు. మైకు గుర్తు వెలిగిన పేరుకు విడిగా తెలుగులో రాసి, నా ఊరూ నంబరూ ఇచ్చాను. మీటింగు అవగానే ఫోను మోగింది.

"కోహ్కాలో ఉంటావేటమ్మా? నేను కుమ్హారీలోనే ఉన్నాను కదా! రైల్వే టెలికాంలో చేసి రిటైరైపోయాను. ఓసారి రా, మీ పిన్ని పెసరట్లేస్తాది."

"వస్తాను బాబాయ్" అన్నాను. రాయపూర్ వెళ్లినప్పుడల్లా దాటే ఊరే. దగ్గరే కదా, ఎప్పుడైనా వెళ్లొచ్చులే అనుకుంటూ ఉండిపోయాను.

మీటింగుల్లో ఆయన తిప్పి తిప్పి ఒకటే అడిగేవారు: రేపు తప్పు జరిగితే ఎవరి తలుపు తట్టాలి? మీటింగు నడిపే అధ్యక్షుడు ఆయనకు మర్యాదగా ధన్యవాదాలు చెప్పి ముందుకు వెళ్లిపోయేవారు.

వానలు మొదలయ్యాక ఆయన గొంతు వినబడటం మానేసింది. పేరు మాత్రం ప్రతి వారం అందరికన్నా ముందే వచ్చి కూర్చునేది. ఫోను చేస్తే ఎత్తరు. "బాబాయ్, ఒంట్లో బాగుందా?" అని రాస్తే జవాబు లేదు. ఒకసారి ఆ పేరు పక్కన మైకు గుర్తు వెలిగింది. ఫ్యాను చప్పుడు, ఎవరో ఊపిరి తీసుకుంటున్న చప్పుడు. అంతలోనే ఆరిపోయింది.

అక్కడ ఓట్లు వేయించడం తక్కువ. "ఎవరికైనా అభ్యంతరమా?" అని అడుగుతారు. ఎవరూ మాట్లాడకపోతే అందరూ ఒప్పుకున్నట్టే. ఆ వారాల్లో అలా చాలా ఒప్పుకున్నాం.

చివరికి అప్పగింత జరిగిపోయింది. పొద్దున్న లేచి చూస్తే ఏమీ మారలేదు. మెయిల్ తెరుచుకుంది, మా కాలేజీ సైటు ఎప్పటిలాగే మొరాయించింది. ఆ సంతోషం పంచుకోవడానికి ఇంకెవరూ తోచక, ఆదివారం కుమ్హారీ వెళ్లాను. స్టేషన్ దగ్గర "రైల్వేవాలే ఆంధ్రా అంకుల్" అని అడిగితే ఒక భయ్యా ఇల్లు చూపించాడు.

తలుపు తీసిన పిన్ని వెనకాల గోడకు ఒక పెద్దాయన ఫోటో ఉంది. దానికి దండ.

"వానలు పడ్డం మొదలైనప్పుడే పోనారమ్మా."

"మరి మీటింగుల్లో పేరు..."

"నేనే. ఏది నొక్కాలో ఆయనే నేర్పీసినారు. ఆస్పత్రికెళ్తూ కూడా, ఆ పని తేలేదాకా మీటింగు వొదలొద్దన్నారు. వొదల్లేదు. ఆల్ల మాటలు నాకేటి తెలుస్తాయి? నీ గొంతొస్తే మాత్రం తెలిసీది."

"ఫోనెత్తలేదేం పిన్నీ?"

"ఎత్తితే సెప్పాలి కదా. సెప్పీస్తే ఆయన పేరు తీసేస్తారు."

అభ్యంతరమా అని అడిగిన ప్రతిసారీ లేని మనిషి మౌనాన్ని కూడా మేం ఒప్పుకోలు కిందే జమకట్టాం. ఆవిడతో ఆ మాట అనలేకపోయాను. ఆయన సంగతి మీటింగు గ్రూపుకు రాయనా అని మాత్రం అడిగాను. ఫోటోకున్న దండ సర్ది "రాయి" అంది.

రాశాను. ఏ ఏ వారాల్లో ఆయన లేరో కూడా రాశాను. ఎక్కడెక్కడి దేశాల వాళ్లో సంతాపం చెప్పారు. నిర్ణయాల ఊసు ఒక్కరూ ఎత్తలేదు.

అప్పగింత అయినా మిగిలిన పనులకు మీటింగులు సాగుతూనే ఉన్నాయి. తర్వాతి మీటింగుకు ఆవిడ పక్కనే కూర్చున్నాను. ఆవిడే నొక్కింది. వరుసలో ఆయన పేరు వచ్చింది. అధ్యక్షుడు ఏదో చెప్పి ఆగారు. గొంతులన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

"ఏటయింది? లైను తెగిపోయిందా?" అంది పిన్ని నా చెయ్యి పట్టుకుని.

"లేదు పిన్నీ. బాబాయ్ కోసం నిమిషం మౌనం పాటిస్తున్నారు."

ఆవిడ గబగబా కొంగు తల మీదకు లాక్కుంది, ఇంటి నిండా పెద్దవాళ్లు వచ్చి నిలబడ్డట్టు.