జోడీకి ఒక్క పేరు

మా వాళ్ళలో కూలికి మనిషి పోడు, జోడీ పోతుంది. మొగుడు గోడ కడతాడు, పెళ్ళాం అందిస్తుంది. తమిళనాడులో మా ధర్మపురి నాలుగు రోడ్ల కూడలిలో పొద్దున ఆరింటికి మేస్త్రి బండి ఆపి అడిగే మొదటి మాట "ఎంతమంది?" అని కాదు, "ఎన్ని జోడీలు?" అని. మా తాతలు బండలు కొట్టిన రోజుల్లోనూ అంతే, ఇప్పుడు ఇటుకలు పేర్చేటప్పుడూ అంతే.

మా అమ్మా నాయనా ముప్పై ఏళ్ళకు పైగా అట్లాంటి ఒక జోడీ. నాయన వెనక్కి తిరగకుండా చెయ్యి చాపితే అందులో ఏం పెట్టాలో అమ్మకు తెలుసు. ఇటుక కావాలా, కలిపిన సిమెంటు మాలు కావాలా, గోడ నిలువు చూసే గుండు కావాలా అని అడగడం నేనెప్పుడూ వినలేదు. ఇంట్లో మాత్రం పులుసులో ఉప్పు దగ్గర మొదలుపెట్టి రోజూ కొట్లాడుకునేవాళ్ళు. మధ్యాహ్నానికి ఇద్దరికీ కలిపి ఒకటే తూక్కు. తూక్కు అంటే పైన పట్టుకునే కమ్మీ ఉన్న స్టీలు డబ్బా. అందులో రెండు రాగి ముద్దలు, ఇంత పులుసు ఉండేవి.

ఇదంతా నేను పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే. అయినా మరిచిపోయాను. ఎట్లా మరిచిపోయానో తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

నేను కుప్పంలో హాస్టల్లో ఉండి ఇంజనీరింగు చదివాను. ఈ తెలుగు అక్షరాలు నేర్చుకున్నదీ అక్కడే. మా ఇంట్లో మాట్లాడేది తెలుగైనా రాయడం, చదవడం ఎవరికీ రాదు. చదువయ్యాక హోసూరులో ఇళ్ళు కట్టే ఒక కంట్రాక్టరు ఆఫీసులో రెండేళ్ళు పనిచేశాను. అక్కడ ఇంజనీర్లు పొద్దున లేస్తే ఫోనులో ఒకటే గోల, గోడ కట్టేవాళ్ళు దొరకడం లేదని. సెలవుకు ఇంటికొస్తే ఇక్కడ నాలుగు రోడ్లలో గోడ కట్టేవాళ్ళు పని దొరక్క పదింటికి ఇళ్ళకు తిరిగిపోతున్నారు. మధ్యలో రెండు గంటల బస్సు ప్రయాణం. ఆ రెండు గంటలను ఒక ఫోను యాప్‌తో చెరిపేస్తానని పొంగిపోయాను. నోటుబుక్కు కొని మొదటి పేజీలో మూడు రాష్ట్రాల బొమ్మ గీశాను. ధర్మపురి నుంచి మొదలుపెట్టి ఇటు చిత్తూరు, అటు కోలారు, చివరికి బెంగళూరు అంతా. మేస్త్రీల బిడ్డను కాబట్టి గాలిమేడ కూడా పునాది లేకుండా బాగానే కట్టాను.

ఉద్యోగం మానేశాను. సేలంలో కొత్తగా వ్యాపారం పెట్టేవాళ్ళకు శిక్షణ ఇస్తుంటే అక్కడికి పోయాను. క్లాసు చెప్పే పెద్దాయన ఫ్యాక్టరీ నడిపి మానేసిన మనిషి. నా నోటుబుక్కు ఓపికగా తిరగేసి తమిళంలో ఇట్లా అన్నాడు: "మూడు రాష్ట్రాలు తర్వాత చూద్దామమ్మా. ముగ్గురు మనుషులకు నెల రోజులు విడవకుండా పని చూపించి రా."

నాకు ఒళ్ళు మండింది. బస్సు ఎక్కి ధర్మపురి వచ్చేదాకా ఆయనను తిట్టుకుంటూనే ఉన్నాను. ముగ్గురికి పని చూపించడానికి ఇంజనీరింగు ఎందుకు, గోనెసంచి భుజాన వేసుకున్న ఏ మేస్త్రి అయినా చూపిస్తాడు కదా అనుకున్నాను.

కాలేజీ స్నేహితురాలు ఒకామె బెంగళూరులో ఉంటూ యాప్ తయారుచేసి ఇచ్చింది. పేరు, ఊరు, చేసే పని, ఫోను నంబరు. వారానికొకసారి పని చూసి సూపర్‌వైజరు ఒకటి నుంచి అయిదు దాకా చుక్కలు ఇవ్వాలి. మా వీధిలో ఇల్లిల్లూ తిరిగి పేర్లు ఎక్కించాను. ఇంటికి ఒక ఫోను, అది మొగుడి దగ్గర. పక్కింటి అత్తను అడిగాను, "నీ పేరు కూడా రాయాలా అత్తా?" అని.

"నా పేరు ఎందుకు పాపా? ఆయన పేరు రాసినావంటే నన్ను రాసినట్లే కదా. ఆయన యాడికి పోతే నేనూ ఆడికే."

నిజమే కదా అనిపించింది. వేరేవాళ్ళెవరైనా ఈ తప్పు చేసేవాళ్ళు కాదు. ఎదురుగా ఇద్దరు కనిపిస్తే ఇద్దరి పేర్లూ రాసుకునేవాళ్ళు. మా లెక్కలో జోడీకి ఒక్క పేరు చాలు. అత్తకు అది తప్పనిపించలేదు, అమ్మకు అనిపించలేదు, ఆడదాన్నయి ఉండి నాకూ అనిపించలేదు. పద్నాలుగు ఇళ్ళు తిరిగి పద్నాలుగు పేర్లు రాశాను.

నా పాత ఆఫీసు వాళ్ళ ద్వారానే మొదటి ఆర్డరు వచ్చింది. హోసూరు దగ్గర పెద్ద అపార్ట్‌మెంటు, రెండు నెలల పని, ఉండడానికి రేకుల షెడ్లు. పద్నాలుగు మంది గోడ కట్టేవాళ్ళు కావాలి అన్నారు. ఆ పొద్దున నాలుగు రోడ్లకు వ్యాను వచ్చేసరికి పద్నాలుగు జోడీలు మూటలు కట్టుకుని నిలబడి ఉన్నాయి. ఆడవాళ్ళందరూ చీరల మీద మొగుళ్ళ పాత చొక్కాలు తొడుక్కుని, చేతిలో తూక్కులు పట్టుకుని పెళ్ళికి పోతున్నంత సంబరంగా ఉన్నారు.

సూపర్‌వైజరు కాగితం చూసి లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. "నాకు చెప్పింది పద్నాలుగు పేర్లు. అందించేవాళ్ళు ఉత్తరాది నుంచి వచ్చి సైటులోనే ఉన్నారు. వీళ్ళంతా ఎవరు?" అని నన్ను అడిగాడు. 

మగవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరూ ఎక్కలేదు. అందరికంటే పెద్దవాడు నాయన, ఆయన ఎక్కితే అందరూ ఎక్కుతారు. ఆయన అమ్మ వైపు చూశాడు, తర్వాత నా వైపు చూశాడు. వ్యాను ఖాళీగా పోతే అంతటితో నా పని అయిపోయినట్టే. ఆ భయంలో నేను ఆయన భుజం మీద చెయ్యి వేసి నెట్టాను.

"ఎక్కు నాయనా. ఇది మొదటి ఆర్డరు."

నాయన ఎక్కాడు. అమ్మ తూక్కును కిటికీలోంచి ఆయన చేతికిచ్చింది. ఇద్దరి అన్నమూ అందులోనే ఉంది. "నువ్వేం తింటావు?" అని నాయన అడుగుతుండగానే వ్యాను కదిలింది.

ఆ తర్వాత రోజులు చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది. అమ్మ రోజూ పొద్దున చొక్కా తొడుక్కుని నాలుగు రోడ్లకు పోయేది. మేస్త్రీలు వచ్చి "జోడీ యాడ?" అని అడిగేవాళ్ళు. అమ్మ చెయ్యి హోసూరు వైపు చూపించేది. యాభై దాటిన ఒంటరి ఆడమనిషిని ఎవరు తీసుకుంటారు? తలమీద తట్ట మోయడానికి వయసు పిల్లలు కావాలి వాళ్ళకు. పదింటికి తిరిగొచ్చి గడపలో కూర్చునేది. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేదని రోజూ అనుకున్నాను. పక్కింటి అత్త మాత్రం బిందె దించి, వీధి అంతా వినేటట్టు అడిగింది, "మమ్మల్ని ఏం చేద్దామని పాపా?" అని. 

ఒకరోజు యాప్‌లో మొదటి చుక్కలు వచ్చాయి. నాయనకు రెండు చుక్కలు. పక్కన ఇంగ్లీషులో రాశారు, పని నిదానం, హెల్పరును కసురుకుంటాడు అని. ధర్మపురిలో సగం వీధుల గోడలు కట్టిన మనిషికి నేను చేసిన వస్తువు రెండు చుక్కలు వేసింది. ఫోను చేతిలో పట్టుకుని ఏడ్చాను. తర్వాత నాయనకు ఫోను చేశాను.

"చెయ్యి చాపితే ఏమీ రాదు పాపా. తిరిగి చూసి అడగల్ల. అడిగినా ఆ పిల్లోడికి నా మాట తెలీదు, వాని మాట నాకు తెలీదు. వాని తప్పు ఏముంది?"

"వచ్చేయి నాయనా" అనాలి నేను. నోటి దాకా వచ్చింది. ఆయనే ముందు అన్నాడు, "నేను దిగి వచ్చేస్తే నీ కంపెనీ పేరు పోతుంది కదా?" అని. అప్పుడు కూడా నేను, "ఇంకో వారం చూడు నాయనా" అన్నాను. ఈ ఒక్క మాటను వెనక్కి తీసుకునే వీలుంటే నా చదువంతా ఇచ్చేస్తాను.

ఆ సాయంత్రమే అమ్మ చొక్కా విప్పి మేకుకు తగిలించింది. "రేపటి నుంచి నేను పోను మా. నిలబడి నిలబడి కాళ్ళు పోతా ఉండాయి" అంది. కాళ్ళ మాట అబద్ధం. పద్నాలుగో ఏట నుంచి పనిచేస్తున్న మనిషి, పని లేని మనిషిగా నలుగురిలో నిలబడలేకపోతోంది.  అమ్మ ఇక పనికి పోకపోతే దాన్ని ఆపింది నేనే అవుతాను.

మర్నాడు పొద్దున నాయనది ఇంకో చొక్కా నేను తొడుక్కున్నాను. మేకుకున్న దాన్ని అమ్మ చేతికిచ్చి, "లే, నీకు జోడీ నేను" అన్నాను. పిచ్చి పట్టిందా అన్నట్టు చూసింది గానీ వచ్చింది.

నాలుగు రోడ్లలో మా వాడే ఒక తెలుగు మేస్త్రి మమ్మల్ని చూసి పగలబడి నవ్వాడు. "ఏమ్మా ఇంజనీరమ్మా, మీ ఇద్దరిలో కట్టేది ఎవరు, అందించేది ఎవరు?" అన్నాడు. ఇద్దరికీ గోడ కట్టడం రాదు. సిగ్గు విడిచి, "ఏ పనైనా సరే మామా" అన్నాను. ఆయన కాసేపు తల గోక్కున్నాడు. కారిమంగళం రోడ్డు వైపు ఒక ఇంటికి నిన్న స్లాబు వేశారట, రెండు వారాలు తడి ఆరకుండా నీళ్ళు నిలపాలి. "ఈ పనికి ఎవరూ నిలబడరు. రెండు రోజులు వచ్చి ఎగగొడతారు. ఓనరు హరూరులో ఉండాడు, చూసేవాళ్ళు లేరు. చేస్తారా?" అని అడిగాడు.

చేశాం. స్లాబు మీద మట్టితో కట్టలు వేసి, పొలంలో మాదిరి మడులు చేసి, పొద్దునా సాయంత్రమూ నీళ్ళు నింపాం. తడి ఆరితే స్లాబు నెర్రెలు విడుస్తుంది. ఈ సంగతి నేను పుస్తకంలో చదివాను, అమ్మ అరికాలు ఆనించి తడి చాలిందో లేదో చెప్పేది. నేను రెండు పూటలా నీళ్ళు నిలిచిన మడులను ఫోటో తీసి హరూరులోని ఓనరుకు పంపాను. అంతకుమించి నేను వాడిన తెలివి ఏమీ లేదు. నాలుగో రోజుకే ఆయన తన బంధువు కట్టే ఇంటికి మమ్మల్ని మాట్లాడాడు. తర్వాత పక్క వీధిలో ఇంకొకటి వచ్చింది. మూడు స్లాబులకు నేను, అమ్మా చాలక పక్కింటి అత్త కాళ్ళావేళ్ళా పడ్డాను. పది రోజులు ఉంది, ఆ తర్వాత నా మీద కోపం తగ్గక వేరే పని చూసుకుని వెళ్ళిపోయింది. నోటుబుక్కులో మూడు రాష్ట్రాల బొమ్మ మీద అడ్డగీత గీసి, కింద మూడు వీధుల పేర్లు రాశాను. గీత గీసేటప్పుడు చాలా ఏడుపొచ్చింది.

హోసూరు ఆర్డరు నెల తిరగకుండానే ఆగిపోయింది. చుక్కలు తక్కువొచ్చిన వాళ్ళను ముందు పంపేశారు, అందులో మొదటివాడు నాయన. సాయంత్రం బస్సు దిగి వచ్చాడు. చేతిలో ఆ తూక్కు ఉంది. నేను ఆయన మొహం చూడలేక చెంబుతో నీళ్ళిచ్చి లోపలికి పోయాను.

మర్నాడు పొద్దున నాయన నాలుగు రోడ్లకు బయలుదేరాడు. అమ్మ లేదు. ఆరింటికే స్లాబు దగ్గర ఉండాలి, అమ్మ ఒప్పుకున్న పనిని మధ్యలో వదిలే మనిషి కాదు. నాయన ఒక్కడే నిలబడ్డాడు. మేస్త్రీలు ఆయననూ అదే మాట అడిగారట.

మధ్యాహ్నం మేము మడికట్ట ఒకటి తెగితే సరిచేస్తున్నాం. నాయన మెట్లెక్కి పైకి వచ్చాడు, చేతిలో తూక్కు. తానే సంగటి కెలికి తెచ్చాడు. తెగిన కట్టను చూసి వంగి కూర్చుని, వెనక్కి తిరగకుండా చెయ్యి చాపాడు. అమ్మ అందులో తడిమట్టి ముద్ద పెట్టింది. పని అయ్యాక చేతులు కడుక్కుని, నాలుగు రోడ్లలో నిలబడేవాళ్ళు మేస్త్రిని అడిగే గొంతుతోనే నన్ను అడిగాడు.

"పాపా, దీనికి మొగోళ్ళను చేర్చుకుంటారా?"

ఆయన వెటకారానికి అడగలేదు.  అమ్మ పైపు ఇంకో మడిలోకి మారుస్తూ, "పేరు రాయించుకో. నాదీ రాసింది" అంది.

నోటుబుక్కు తీసి అమ్మ పేరు కింద, వేరే వరుసలో, నాయన పేరు రాశాను. ఇప్పటికి ముగ్గురం అయ్యాం. ఆ సేలం పెద్దాయన చెప్పిన నెలలో ఇది మొదటి రోజు.

నీడకు కూర్చుని తూక్కు తెరిచాం. అలవాటు కొద్దీ నాయన రెండు ముద్దలే చేసి తెచ్చాడు. ముగ్గురం పంచుకుని తిన్నాం. ఎవరికీ చాలలేదు.