బాలింత గదిలో బొగ్గులు

ఝరాసంగం చుట్టుపక్కల ఇరవై ఏళ్లుగా మంత్రసాని రహమతున్నీసా చేతి మీదే పిల్లలు పుడుతూ వచ్చారు. జహీరాబాద్ నుంచి వచ్చి పురుడు పోసి, మూడు రోజులు బాలింత దగ్గరే ఉండేది. బాలింతకు చలిగాలి తగలకూడదని ఆమె పట్టుదల. 1979 చలికాలంలో ఆ ఊరి దేవమ్మ కోడలు భాగీరథి ప్రసవించినప్పుడు కూడా కిటికీలో గోనెపట్టా కుక్కి, బొగ్గుల కుంపటి పెట్టి, తలుపు మూసింది.

మర్నాడు పొద్దున దేవమ్మ పసివాణ్ణి ఎండకు వాకిట్లోకి తీసుకెళ్లింది. మళ్లీ తలుపు మూసి కుంపటిలో కొత్త బొగ్గులు పోసిన కాసేపటికి రహమతున్నీసాకు తల పగిలిపోతున్నట్టయింది. భాగీరథిని పిలిస్తే పలకలేదు. వాంతి చేసుకుని పక్కకు ఒరిగి ఉంది. తను లేవబోతే కాళ్లు తేలిపోయాయి. ఎలాగో పాకి, తలుపు నెట్టి కేక వేసింది. ఇంట్లోవాళ్లు ఉరికొచ్చి ఇద్దరినీ వాకిట్లోకి లాగారు.

"గాలి సోకింది," అన్నారెవరో.

"సోకలే. గాలాడకనే గిట్లయింది," అంది రహమతున్నీసా రొప్పుతూ.

జహీరాబాద్ దవాఖానలో ఆక్సిజన్ పెట్టాక భాగీరథి కళ్లు తెరిచింది. బొగ్గుల నుంచి వచ్చే వాసన లేని విషవాయువు రక్తంలో చేరిందని డాక్టరు చెప్పాడు. "పాణం దక్కింది. కానీ ఒక నెల జాగ్రత్త. ఈ విషం తర్వాత నరాల్లో రక్తం గడ్డకట్టొచ్చు. అసలే బాలింత. కాలు వాచినా, ఆయాసం వచ్చినా వెంటనే తీసుకరాండ్రి."

ఆ మాట రహమతున్నీసాను నిలవనివ్వలేదు. రోజూ ఏ బస్సో బండో పట్టుకుని వెళ్లి, దుప్పటి తొలగించి భాగీరథి రెండు పిక్కలూ పోల్చి చూసేది. ఇంట్లో అన్నం ముందు కూర్చున్నా ఆ కాళ్లే గుర్తొచ్చి లేచిపోయేది.

"ఏం ఫికర్ రహమతమ్మా నీకు? నడుస్తనే ఉంది గద," అని దేవమ్మ విసుక్కుంది.

పన్నెండో రోజు ఎడమ పిక్క ఉబ్బి, వెచ్చగా తగిలింది. దేవమ్మ నూనె గిన్నె తెచ్చింది. రహమతున్నీసా ఆమె చెయ్యి పట్టుకుంది.

"రుద్దకక్కా. గడ్డ కదిలి ఊపిరికి అడ్డం పడితే పిల్ల దక్కది. జల్ది జీపు మాట్లాడమను."

జీపులో ఆ కాలు కుదుపులకు కదలకుండా ఒడిలో పెట్టుకుని కూర్చుంది. ఇన్నాళ్లూ నోట్లోనే నలిగిన మాట అప్పుడు బయటికి వచ్చింది. "కుంపటి పెట్టింది నేనే బిడ్డా. తలుపేసింది నేనే."

"నాకెరుక," అంది భాగీరథి. "తెల్వక చేసినవు. గిప్పుడైతే కాలు విడువకు."

పట్నం పెద్ద దవాఖానలో మూడు వారాలు రక్తం పలచబడే మందు ఇచ్చారు. భాగీరథి బతికింది, ఆ కాలు మాత్రం సాయంత్రానికి బరువెక్కేది. రహమతున్నీసా పురుళ్లు మానలేదు. కుంపటి కావాలన్నవాళ్లతో పోట్లాడి, దాన్ని అరుగు మీదే ఉంచేది.

రెండో కాన్పుకు భాగీరథి దవాఖానకే పోయింది. రహమతున్నీసా వెంట వెళ్లింది గానీ, లోపలికి రమ్మన్నా రాలేదు. బిడ్డ ఏడుపు వినిపించాక కూడా వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతూనే ఉంది.