అర్జీ వెనక వంశవృక్షం

ఆ రోజుల్లో నా దగ్గర మూడే ఉండేవి: ఇరవై నాలుగేళ్ల వయసు, బేర్ సరాయ్‌లో మంచం వేస్తే తలుపు సగమే తెరుచుకునే గది, లోకాన్ని వచ్చే వారంలోగా బాగుచేసేయగలనన్న నమ్మకం. (లోకం సంగతి దేవుడెరుగు, ఆ తలుపునైనా బాగుచేయించుకోలేకపోయాను.) ఢిల్లీలో ఒక పెద్ద ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో క్లినికల్ సోషల్ వర్కర్‌గా కొత్తగా చేరాను. డాక్టరు మందు రాస్తారు. ఆ మందు వేసుకోవాల్సిన మనిషి ఇంట్లో ఏం జరుగుతోందో కూర్చుని వినేది మేము. ఈ మాట మా అమ్మకు నాలుగుసార్లు వివరించాను. ఆ తర్వాత ఆవిడ మా కాకినాడ పిన్నితో ఫోన్లో అంటుంటే విన్నాను: "అదేనే, డాక్టర్ల పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటాదంట. కబుర్లు చెబితే జీతమిస్తారంట. చిన్నప్పట్నించీ దానికి అదేగా పని!"

మా వృత్తివాళ్లకు ఒక సంఘం ఉండేది. దాని వార్షిక సమావేశానికి సమోసాలు బాగుంటాయని ఎవరో చెబితే వెళ్లాను, కార్యదర్శినై తిరిగొచ్చాను. జరిగింది ఇదీ. అధ్యక్షురాలు, ముప్పై ఏళ్లుగా ఢిల్లీలో ఉంటున్న గుంటూరావిడ (మేమంతా ఆంటీ అనేవాళ్లం), "ఈ ఏడాది సెక్రటరీగా ఎవరుంటారు?" అని అడిగారు. ఎవరూ మాట్లాడలేదు. వేరే సంఘాల్లో అయితే ఆ నిశ్శబ్దాన్ని ఎవరో ఒక దగ్గుతోనైనా చెడగొడతారు. కానీ మౌనాన్ని భరించడం మా వృత్తిలో నేర్పే మొదటి విద్య. ఎదుటి మనిషి తనంతట తానే నోరు విప్పేదాకా ఓపిగ్గా, దయగా చూస్తూ కూర్చోవాలి. నలభైమంది ఒకరినొకరు దయగా చూసుకుంటూ కూర్చున్నారు. మొదటి వరుసలో మౌనం మాస్టారు అని పేరుబడ్డ పంజాబీ పెద్దాయన అయితే కన్ను కూడా ఆర్పలేదు. అందరికంటే జూనియర్‌ని, ఆ విద్య నాకింకా పట్టుబడలేదు. "పోనీ, ఎవరూ లేకపోతే..." అన్నాను. వాక్యం పూర్తికాకముందే చప్పట్లు మోగాయి.

పదవి వచ్చిన నెలకే నా గది పోయింది. ఆసుపత్రిలో నడవా చివర నాకొక చిన్న గది ఉండేది: రెండు కుర్చీలు, ఒక తలుపు. ఇంకెక్కడా చోటు దొరక్క ఫోటోకాపీ యంత్రాన్ని తెచ్చి అందులో పెట్టారు, నా కుర్చీలను తెచ్చి నడవాలో వేశారు. "అడ్జస్ట్ కర్ లీజియే, సర్దుకోండి మేడమ్. మీది మాటల పనే కదా, ఎక్కడైనా మాట్లాడొచ్చు," అన్నారు ఆఫీసువాళ్లు. కంటోన్మెంట్ నుంచి ప్రతి మంగళవారం ఒక తెలుగావిడ వచ్చేది. భర్త సరిహద్దులో ఉన్నాడు. రాగానే "తలుపేసెయ్ అమ్మా" అనేది, వేశాక అయిదు నిమిషాలకు గానీ ఒక మాట బయటికి రాదు. నడవాలో కుర్చీలు వేశాక వచ్చి అటూ ఇటూ చూసి, "బానే ఉన్నానమ్మా, ఏం లేదు," అని వెళ్లిపోయింది. తర్వాతి మంగళవారం రాలేదు. ఆ పై మంగళవారమూ రాలేదు. నాకు ఏడుపొచ్చింది. ఏడవడానికీ గది లేదు.

ఇలా ఇంకా ఎన్ని ఆసుపత్రుల్లో జరుగుతోందో కనుక్కుని, ప్రతి చోటా మాటలకంటూ తలుపున్న ఒక గది ఉండాలని సంఘం తరఫున అర్జీ రాశాను. మూడు నెలలు తిరిగితే ఆరోగ్య శాఖ పెద్ద అధికారి ఒకాయన పావుగంట సమయమిచ్చారు. ఆంటీ, మౌనం మాస్టారు, నేను మెట్రోలో రిహార్సల్ కూడా వేసుకున్నాం. "నేను నమస్తే అంటాను, నువ్వు వెంటనే కాగితం చేతిలో పెట్టెయ్. బస్, ఖతమ్," అన్నారు ఆంటీ.

లోపలికి వెళ్లేసరికి ఆ అధికారి అప్పుడే ఫోన్ పెట్టేసి కళ్లు నులుముకుంటున్నారు. ఆంటీ నమస్తే అన్నారు. నేను కాగితం తీశాను. అంతలో ముప్పై ఏళ్ల అలవాటు ఆంటీ నోట్లోంచి జారిపోయింది: "ఆప్ బహుత్ థకే హుఏ లగ్ రహే హై, సర్." చాలా అలసిపోయినట్టున్నారు!

ఆయన ఒక్క క్షణం ఆంటీ వైపు చూశారు. "ఇంట్లో కూడా ఎవరూ ఆ మాట అడగరు, మేడమ్," అన్నారు.

ఇంకేముంది! ముగ్గురం ఒకేసారి, ఒకే కోణంలో ముందుకు వంగాం. ఆయన కొడుకు ముఖర్జీ నగర్‌లో గది తీసుకుని సివిల్స్‌కు చదువుతున్నాడట, మూడుసార్లు తప్పాడట. మూడోసారి తప్పినప్పుడు ఈయన ఏదో అన్నారట, అప్పట్నుంచి కొడుకు ఫోన్ ఎత్తడట. "ఊఁ" అన్నారు ఆంటీ. ఆయన ఆగినచోట మౌనం మాస్టారు తన జీవితంలోకెల్లా గొప్ప మౌనం పాటించారు. అధికారి బల్ల మీది టిష్యూల డబ్బాను నేను ఆయన వైపే జరిపాను. బయట వేచి ఉన్నవాళ్లను తర్వాత రమ్మన్నారు. గంటంబావు గడిచింది. కొడుకు ఒప్పుకుంటే మా ఆసుపత్రికి ఇద్దరూ కలిసి రావచ్చని చెప్పాం. ఆయన గుమ్మందాకా వచ్చి సాగనంపారు. (ఆ పెద్దమనిషిని ఎవరూ పోల్చుకోకుండా ఒకటి రెండు వివరాలు మార్చాను. మా సంఘంలో నాకింకా పరువుంది.)

బయట చాయ్ బండి దగ్గర ముగ్గురం చాలా తృప్తిగా నిలబడ్డాం. రెండో గుక్క తాగుతూ ఆంటీ అడిగారు, "అచ్ఛా, కాగితం ఇచ్చావు కదా?"

ఇవ్వలేదు. అది నా చేతిలోనే ఉంది. అంతకంటే ఘోరం, దాని వెనకవైపు నేను ఆయన కుటుంబ పటం గీసేశాను: తాత, తండ్రి, కొడుకు, తండ్రీకొడుకుల మధ్య తెగిపోయిన గీత. వినేటప్పుడు వంశవృక్షం గీసుకోవడం మా పద్ధతి, ఆ సమయంలో చేతికందిన కాగితం అదొక్కటే.

"పరుగెత్తుకెళ్లి ఇచ్చొస్తాను," అన్నాను.

"పాగల్ హై క్యా? వెనకాల ఆయన ఇల్లంతా గీసి పెట్టావు. గుమాస్తాలంతా చదువుతారు!"

"ఇంకో ప్రతి తీసుకుని వెళ్లి అడుగుదాం."

అప్పుడు మౌనం మాస్టారు ఆ రోజుకు తన ఒకే ఒక్క వాక్యం పలికారు. "బాధ చెప్పుకున్న మనిషిని వెంటనే సాయం అడగడం ధర్మం కాదు బేటీ."

నోరు తెరిచేది ఏడాదికొకసారి, తెరిస్తే ఇదీ. ఆ అర్జీని అక్కడే ముక్కలు ముక్కలుగా చింపేశాను. మర్నాడు ఇంకో ప్రతి పట్టుకెళ్లి, అందరితో పాటు వరుసలో నిలబడి, కిటికీలో ఇచ్చి, ముద్ర వేయించుకుని వచ్చాను. పరిశీలనలో ఉందని జవాబు వచ్చింది. పరిశీలన అంటే ఏమిటో పాఠకులకు నేను చెప్పక్కర్లేదు.

నెల తర్వాత ఒక ఉదయం నడవాలో తల ఎత్తి చూస్తే ఆ అధికారి. పక్కన గడ్డం పెరిగిన కుర్రవాడు, తండ్రికి రెండడుగుల ఎడంగా. ఇద్దరూ నా కుర్చీలను చూశారు, పక్కనుంచి పోతున్న స్ట్రెచర్‌ను చూశారు, చెవులు రిక్కించిన జనాన్ని చూశారు. గదిలోంచి ఫోటోకాపీ యంత్రం చప్పుడు వినిపిస్తోంది.

"యహాఁ? ఇక్కడ, అందరి ముందూనా మాట్లాడేది?" అన్నారాయన.

అర్జీలోని ప్రతి అక్షరం నా నాలుక చివర ఉంది. మౌనం మాస్టారి మాట గొంతులో అడ్డం పడింది. నోట్లోంచి వచ్చింది మాత్రం మా వృత్తిలో పసిపిల్లలు కూడా అడిగే ప్రశ్న: "ఆప్ కో కైసా లగ్ రహా హై, సర్?" మీకెలా అనిపిస్తోంది?

జవాబు కొడుకు చెప్పాడు. "పాపా, మనం ఇంట్లో మాట్లాడుకోనిదీ ఇందుకే. అక్కడా తలుపు వేసుకోనివ్వరు మీరు."

ఆ రోజు ఇద్దరినీ ఆసుపత్రి వెనక వేపచెట్టు కింద కూర్చోబెట్టాను. మూడు వారాలకు ఉత్తర్వు వచ్చింది, నా ఒక్క ఆసుపత్రికే కాదు, అన్నిటికీ. యంత్రం గది ఖాళీ చేసింది. నేను కంటోన్మెంట్ ఆవిడకు ఫోన్ చేసి ఒకే మాట చెప్పాను, "తలుపొచ్చిందండీ." మంగళవారం వచ్చింది. తలుపు తనే వేసింది.

ఇప్పుడు ఆ సంఘానికి అధ్యక్షురాలిని నేనే. (మళ్లీ మౌనం భరించలేకే.) కిందటి నెల ఇంకో అర్జీతో ఇంకో అధికారి దగ్గరికి వెళ్లాం. ఆయన కళ్ల కింద నల్లటి చారలు చూసి "నిద్ర సరిగ్గా..." అన్నానో లేదో, మా కొత్త కార్యదర్శి బల్ల కింద నా కాలు తొక్కి, కాగితం ఆయన చేతిలో పెట్టేసింది. పది నిమిషాల్లో బయటికొచ్చాం. పిల్ల గట్టిది, సంఘానికి ఇక ఢోకా లేదు. చాయ్ తాగుతూ దాన్ని మెచ్చుకున్నాను కూడా. కానీ మెట్రోలో ఇంటికెళ్తున్నంతసేపూ, నా పాత కాగితం ముక్కలు గుర్తొచ్చి నవ్వుకుంటూనే, ఒకటే ఆలోచన: పాపం, ఆయనకు నిద్ర ఎందుకు పట్టడం లేదో!